చీటీలమ్మ చూసిన ఇసుక

ఆ ఆరోగ్య కేంద్రంలో మూడే గదులు. ముందు గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, బడిపిల్లల ఎత్తు కొలవడానికి గోడకు ఆనించి ఉంచిన గీతల కర్ర. నడిమి గదిలో మందుల బీరువా. వెనక గదిలో ఆకుపచ్చ తెర చాటున పరీక్ష మంచం. ఈ మూడు గదుల మధ్యనే ఇరవై మూడేళ్ళు నడిచిన నర్సుకు తల్లిదండ్రులు పెట్టిన పేరు హాజరు పట్టీ దాటి బయటికి వచ్చిన దాఖలా లేదు. ఎదురుపడితే ఆమె సిస్టరమ్మ. నాలుగడుగులు దాటిపోయాక చీటీలమ్మ.

ఆ రెండో పేరుకు కారణం ఒక పసుపు కాగితం. శాఖవారు ఇచ్చిన చేతిపుస్తకం పదిహేడో పుటలో విధానం స్పష్టంగా ఉంది: స్త్రీకి తెల్లబట్ట అయినా, లోపల పుండు కనిపించినా, భర్తతో కలిసినప్పుడు రక్తం పడినా దానిని సుఖవ్యాధిగా పరిగణించవలెను, పరీక్షల కోసం వేచి ఉండక మూడు రకాల మాత్రలు ఇవ్వవలెను, భర్తకు అందజేయుటకు ఆమె చేతికి జత చీటీ ఇవ్వవలెను. ఆ చీటీ మీద రెండే వాక్యాలు అచ్చయి ఉండేవి. ‘మీ జతవ్యక్తికి చికిత్స జరిగినది. మీరును వెంటనే వచ్చి చికిత్స పొందవలెను.’ ఈ రెండు వాక్యాలూ కూర్చిన ఉద్యోగి ఎవరో గాని, అలాంటి కాగితాన్ని మడిచి గుప్పిట్లో పెట్టుకుని ఇంటికి నడిచి, పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్న మనిషి చేతికి అందించవలసిన అవసరం ఆయనకు జన్మలో కలిగి ఉండదు.

చీటీ చేరిన ఇళ్ళలో ఎక్కువగా వినిపించే మాట ఒక్కటే: ‘ఎవడు?’ కొందరు మగవాళ్ళు నవ్వి చించేసేవారు. కొందరు మాత్రలకు వచ్చి, ఎవరూ చూడకుండా వెనక తలుపు గుండా వెళ్ళేవారు. చాలామంది రాలేదు. రానివాళ్ళ భార్యలు తర్వాతి నెలలో పెదవి చిట్లి వచ్చి, మెట్ల మీద జారిపడ్డామని చెప్పేవారు. అన్నీ ఒంటిగది కొంపలున్న వీధుల్లో మెట్లెక్కడివని సిస్టరమ్మ అడిగేది కాదు. టీ కొట్టు దగ్గర మాత్రం ఆమె గొడుగు కనబడగానే, జేబుల్లోంచి చేతులు తీయకండిరా, చీటీ పడుతుంది అని ఒకడు అనడం, మిగతావాళ్ళు గ్లాసుల్లోకి నవ్వడం రోజూ ఉండేదే.

ఒకసారి చేపలు అమ్మే ఆవిడ చీటీని వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. “సుఖవ్యాధంటున్నావు గదా సిస్టరమ్మా. ఆ సుఖం నేనెప్పుడు పడ్డానో కూడా నీ పుస్తకంలో రాసుందేమో, కాస్త చదివి పెట్టు” అంది. సిస్టరమ్మ చీటీ వెనక్కి తీసుకుని, తేదీ వేసి, సంతకం పెట్టి, మళ్ళీ ఇచ్చింది.

ఆమె కఠినురాలు కాదు. భయస్తురాలు. పంతొమ్మిదేళ్ళ వయసులో పద్దెనిమిది నెలల శిక్షణ పొంది ఒంటరిగా మొదటి కాన్పు చేసిన రోజున ఆమె చేతులు ఎంతగా వణికాయంటే, బొడ్డు కోసే కత్తెర రెండుసార్లు జారి నేల మీద పడింది. ఆ రోజే ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది: పుస్తకంలో ఉన్నది చేస్తే తప్పు పుస్తకానిది, లేనిది చేస్తే తప్పు తనది. భర్త పోయి, నాలుగేళ్ళ కొడుకుతో మిగిలాక ఆ భయం ఇంకా ముదిరింది. చేతిపుస్తకానికి ప్లాస్టిక్ అట్ట వేసి, తనిఖీ వాళ్ళు ఎప్పుడు వచ్చినా ఏ పుట అడిగినా అప్పజెప్పేది. పై నుంచి ఎవరైనా రాస్తే ఆ కాగితాన్ని చివరి చుక్క దాకా పాటించేది. మన వ్యవస్థలకు ఇటువంటి మనుషులే కావాలి. ఎందుకంటే కాగితం రాసినవాడి అజ్ఞానాన్ని తమ అపరాధంగా మోసేది వీళ్ళే.

పుస్తకంలో లేని విషయం ఒకటి మాత్రం ఆమెను ఏళ్ళ తరబడి చికాకు పెట్టింది. అది ఇసుక.

వెనక గదిలో పరీక్ష చేసేటప్పుడు, టార్చి వెలుగులో, కొందరు స్త్రీలకు గర్భసంచి ముఖద్వారం మీద పసుపుపచ్చని సన్నని రేణువులు కనిపించేవి. దూదితో తుడిస్తే పోవు. పరికరం తగిలితే గరగరమని చేతికి తెలిసేది. ఆమె దానికి ఒకే కారణం ఊహించింది. కేంద్రంలో పరికరాలు కడిగే ఆయమ్మ ఇంటి దగ్గర గిన్నెలను ఏటి ఇసుకతో తోముతుంది. ఇక్కడా అదే పని చేసి సరిగా కడగకుండా ఉడకబెడుతోంది. అంతే. రేణువులు కనిపించిన ప్రతిసారీ తెర తొలగించుకుని బయటికి వచ్చి, గిన్నె ముందు కూర్చున్న ఆయమ్మను నలుగురిలో దులిపేసేది. ఆయమ్మ తన అరచేతులు చాపి చూపించేది. ఆమె మాట ఎవరు వింటారు?

బడిపిల్లల కోసం ఏటా వచ్చే మాత్రల డబ్బా మాత్రం అక్కడికి నాలుగడుగుల దూరంలో, నడిమి గది బీరువాలో ఉండేది. ఆ ప్రాంతంలో మగపిల్లలకు మూత్రం ఎర్రగా రావడం అందరికీ తెలిసిన విషయం. నీళ్ళలో నత్తలుంటాయి, వాటి నుంచి పురుగు వస్తుంది, గీతల కర్రతో ఎత్తు కొలిచి ఆ ఎత్తుకు తగినన్ని మాత్రలు వేయాలి: ఇది అరవై ఒకటో పుట, ‘పాఠశాల బాలబాలికల ఆరోగ్యం’. మిగిలిన మాత్రలు ఏటా సంతకం పెట్టించుకుని వెనక్కి పంపేవారు. ఆ పిల్లలతోనే అదే నీళ్ళలో దిగి ఎదిగిన ఆడపిల్ల ఒంట్లోని పురుగు ఎక్కడికి పోతుంది? పదిహేడో పుటకు, అరవై ఒకటో పుటకు నడుమ ఈ ప్రశ్న వేసిన వాక్యం ఒక్కటి లేదు.

ఆ ఏడాది ఆమె ఇంట్లోకే భయం వచ్చి కూర్చుంది.

కొడుకు ఐసు ఫ్యాక్టరీలో యంత్రాలు చూస్తాడు. కోడలు ఇంటి వసారాలో మిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. పెళ్ళయి మూడేళ్ళు, పిల్లలు లేరు. మాటకారి పిల్ల. గుండీలు పెదవుల మధ్య పెట్టుకుని కూడా కబుర్లు చెప్పగలదు. వాళ్ళ పుట్టిల్లు పెద్ద చెరువు అవతలి గట్టున, చాపలు అల్లేవాళ్ళ వాడలో. ఏడు నెలల క్రితం ఆ అమ్మాయి అత్తగారి దగ్గరకు వచ్చి, సిగ్గుపడుతూ, మధ్యమధ్యలో రక్తం కనిపిస్తోందని, కడుపు కింద నొప్పని చెప్పింది. మరొకరి దగ్గరకు వెళ్ళే ఇష్టం ఆ పిల్లకు లేదు. వెనక గదిలో, ఆకుపచ్చ తెర చాటున, సిస్టరమ్మ టార్చి వెలిగించింది. పుండు. తాకగానే రక్తం. పైన ఇసుక. బయటికి వచ్చి ఆయమ్మను తిట్టిన తిట్లు అంతకుముందు ఏనాడూ తిట్టనివి. ఆ రోజు మొదటిసారి ఆయమ్మ ఏడ్చింది.

తర్వాత పదిహేడో పుట గుర్తుకు వచ్చింది. ఒళ్ళు జలదరించింది. కొడుకా? కోడలా? కొడుకు ఆ రకం కాదని తల్లి మనసు చెప్పింది. అయితే?

ఆ ఇంటికి మాత్రం పసుపు చీటీ రాలేదు. ఇరవై మూడేళ్ళలో ఆమె విధానం తప్పింది ఆ ఒక్కసారే. మూడు రకాల మాత్రలు ఇంటికి తెచ్చి, నీరసానికి అని చెప్పి, ఎదురుగా నిలబడి మింగించింది. తగ్గలేదు. మళ్ళీ మింగించింది. ఇంకోసారి. ఈలోగా ఆమె కళ్ళు ఇంట్లో పోలీసు పని మొదలుపెట్టాయి. కొలతలు ఇవ్వడానికి వచ్చిన బడి మాస్టారు వసారాలో ఎంతసేపు నిలబడ్డాడు? దారపు ఉండలు తెచ్చే అబ్బాయితో ఈ పిల్ల అంతగా నవ్వవలసిన మాట ఏముంది? కొడుకు రెండో షిఫ్టుకు వెళ్ళిన రోజున ఆమె పని మధ్యలో ఏదో మరచిపోయినట్టు ఇంటికి వచ్చి చూసి వెళ్ళేది. కోడలు మంచినీళ్ళు ఇచ్చేది. ఆ గ్లాసు అందుకునేటప్పుడు ఆమె ఆ పిల్ల ముఖంలోకి చూడలేకపోయేది.

రక్తం ఆగకపోవడంతో రెండో భయం పట్టుకుంది, క్యాన్సరు. పట్నంలోని పెద్దాసుపత్రికి తానే ఉత్తరం రాసింది: ‘సుఖవ్యాధికి మూడు విడతలు చికిత్స జరిగినది. గుణము లేదు. క్యాన్సరు అనుమానము.’ రెండు నెలలకొకసారి వచ్చే శస్త్రచికిత్స బృందం ఆ ఉత్తరం చదివింది. ముక్క తీసి పంపిన పరీక్ష ఫలితం ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగితే బృందం వెళ్ళిపోతుంది. కాబట్టి శుక్రవారం గర్భసంచి తీసేయడానికి నిర్ణయించి, నాలుగో నంబరు ఇచ్చారు. ఇరవై ఆరేళ్ళ పిల్ల. కొడుకు ఒక పూటంతా చేతుల మీది యంత్రపు నూనె మరకలు గోకుతూ కూర్చున్నాడు. ప్రాణం దక్కితే చాలని సిస్టరమ్మే అందరికీ సర్దిచెప్పింది. సర్దిచెబుతున్నప్పుడు తన లోపల ఎక్కడో, ఇక ఆ సంగతి బయటపడే పని లేదన్న ఊరట కదలడం ఆమెకు తెలిసింది. ఆ తెలియడంతో తనను చూసి తానే బెదిరిపోయింది.

శుక్రవారం ఆపరేషను. బుధవారం శిక్షణ.

శిక్షణంటే సంతకం, టీ, బిస్కెట్టు, బస్సు అందేలా ముగింపు. ఆ రోజు పట్నంలోని హాలులో ముప్పై మంది నర్సులు ఫ్యాన్ల కింద చోటు కోసం కుర్చీలు జరుపుకుంటున్నారు. పాఠం చెప్పడానికి వచ్చిన డాక్టరమ్మకు ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. పిల్ల డాక్టరు అని వెనక వరుసవాళ్ళు అప్పటికే పేరు పెట్టేశారు. ఆమె ఉపోద్ఘాతం ఏమీ లేకుండా తెర మీద ఒక నత్తను చూపించింది. ఆ తర్వాత ఒక స్త్రీ గర్భసంచి ముఖద్వారాన్ని, మనిషంత ఎత్తున.

పసుపుపచ్చని రేణువులు. ఇసుక చల్లినట్టు.

“ఇది ఇసుకలాగే ఉంటుంది, ఇసుక కాదు” అంది డాక్టరమ్మ. “నీళ్ళలోని పురుగు చర్మంలోంచి దూరి, రక్తంలో తిరిగి, ఇక్కడ గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు కండలో ఇరుక్కుపోయి ఇలా కనబడతాయి. మగపిల్లలకు ఎర్రగా పోతుందే, అదే పురుగు. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు. మొగుడి దగ్గర్నుంచి రాదు, ఇంకెవరి దగ్గర్నుంచీ రాదు. నీళ్ళలో దిగడం తప్ప ఈమె చేసిన తప్పేమీ లేదు.”

వెనక వరుసలో ఒకావిడ మెల్లగా, మా దగ్గరివన్నీ సుఖవ్యాధులే అని రాశాం గదా అంది. ఈ విషయమై ఎనిమిదేళ్ళ క్రితమే ఒక సర్క్యులరు వెలువడిందని, అది జిల్లా కార్యాలయపు బీరువాలో దొరికిందని డాక్టరమ్మ చెప్పింది. ఎనిమిదేళ్ళు. దానిపై స్వీకరించినట్టు ముద్ర ఉంది, పొట్టి సంతకం ఉంది, వరుస సంఖ్య ఉంది. ఒక కాగితానికి ఉండవలసిన మర్యాదలన్నీ జరిగాయి. ఎవరి కోసం పుట్టిందో వాళ్ళకు చేరడం ఒక్కటే జరగలేదు.

తెర మీది బొమ్మ మారుతున్నా సిస్టరమ్మకు ఒకటే కనిపిస్తోంది. టార్చి వెలుగు, కోడలి బిగుసుకున్న మోకాళ్ళు, దూదికి అంటని రేణువులు. టీ విరామంలో గ్లాసు పట్టుకుని డాక్టరమ్మ పక్కన చేరి, మా కేంద్రానికి వచ్చే ఒకావిడ అని మొదలుపెట్టింది. వయసు చెప్పింది. పిల్లలు లేరని చెప్పింది. ఎల్లుండి తీసేస్తారని చెప్పింది.

“ఏం తీసేస్తారు?” అంది డాక్టరమ్మ, గ్లాసు కింద పెట్టి.

చెప్పింది.

డాక్టరమ్మ ముఖం పాలిపోయింది. తాను చూడకుండా అవునని గాని కాదని గాని అనలేనని, క్యాన్సరు నిజంగా ఉన్నా ఉండవచ్చని, అయినా ఫలితం రాకుండా ఈ వయసులో తీసేయడం ఘోరమని అంది. ఆవిడ చిన్నప్పుడు ఏ నీళ్ళలో దిగేదో ముందు అడగమంది. పెద్దాసుపత్రి శస్త్రచికిత్స తన పరిధిలోది కాదని కూడా అంది. “అక్కడికి రాసి పంపిందెవరు?”

“నేనే.”

“అయితే వెనక్కి తీసుకోవలసింది కూడా మీరే, సిస్టర్. మీ మాట మీదే కదా ఆవిడకు నంబరిచ్చింది. ఆవిడ మీకు బాగా తెలుసా?”

“మా కోడలు” అంది సిస్టరమ్మ. ఆ మాట ఆమె చెవులకే ఎవరో అరిచినట్టు వినిపించింది.

బొమ్మలున్న రెండు పుటల శిక్షణ పత్రం మడిచి సంచిలో పెట్టుకుని, ముగింపు దాకా ఆగకుండా మధ్యాహ్నం బస్సు ఎక్కింది. ఇంటికి పోవడానికి ధైర్యం చాలక ముందు కేంద్రానికి వెళ్ళింది. ఆయమ్మ తలుపు వేయబోతూ, ఇదేంటి ట్రైనింగు బిస్కెట్లు బాలేవా అంది. సిస్టరమ్మ స్టూలు మీద కూలబడింది. పరికరాలను ఎప్పుడైనా ఇసుకతో తోమావా అని అడిగింది, ఈసారి నిజంగా తెలుసుకోవడానికి.

“మీరు మొదటి ఏడాది తిట్టాక నేను ఇసుక మొహం చూడలేదు సిస్టరమ్మా. మా ఇంట్లో గిన్నెలకు కూడా సబ్బే. అయినా తిడుతూనే ఉన్నారు, సరే అలవాటైపోయింది. తిట్టని రోజున మీకు ఒంట్లో బాలేదేమో అనుకునేదాన్ని.” ఆయమ్మ నవ్వబోయి, ఆగిపోయింది. “ఎందుకేడుస్తున్నారు?”

సిస్టరమ్మ పత్రం విప్పి చూపించింది. ఆయమ్మకు చదువు రాదు. బొమ్మను మాత్రం చాలాసేపు చూసింది. తన అరచేతుల వంక ఒకసారి చూసుకుంది. అప్పుడు అన్న మాట సిస్టరమ్మ ఊహించినది కాదు. “మరి ఆ ఆడవాళ్ళంతా?”

ఇల్లు చేరేసరికి సాయంకాలపు వెలుతురు వసారాలో ఇంకా ఉంది. కొడుకు షిఫ్టులో ఉన్నాడు. కోడలు చివరి చొక్కాల మడతలు కుడుతోంది; ఆసుపత్రికి పోయేలోగా బడివాళ్ళ బట్టలు ఇచ్చేయాలని. సిస్టరమ్మ నిలబడే అడిగింది, చిన్నప్పుడు చెరువులో దిగేదానివా అమ్మాయ్ అని.

ఏడు నెలల తర్వాత అత్తగారి నోట మందు, నొప్పి, నంబరు కాని మాట అది. కోడలు మిషను ఆపేసింది. దిగేదాన్నా ఏమిటత్తయ్యా, అందులోనే పెరిగాను అంటూ మొదలుపెట్టింది. ఏడో ఏట నుంచే తుంగ కోయడానికి అమ్మతో వెళ్ళేది. నడుము లోతు నీళ్ళు. కోసిన తుంగ కట్టలను తెప్పలా తోసుకుంటూ వచ్చేవాళ్ళు. కాళ్ళకు నత్తలు గుచ్చుకునేవి. బయటికి వచ్చాక ఒళ్ళంతా దురద. గోకుతూ ఉంటే అన్న ఏడిపించేవాడు, చేప పిల్లకు పొలుసులొస్తున్నాయని. అన్నకు ఎర్రగా పోస్తే బడిలో మాత్రలు వేశారు. తాను బడికి పోలేదు కదా. చాలా రోజుల తర్వాత ఆ పిల్ల ముఖం విప్పారింది. ఆ ముఖాన్ని చూస్తూ సిస్టరమ్మ వసారా స్తంభం పట్టుకుంది.

ఇక చెప్పక తప్పలేదు. ముందు పురుగు సంగతి చెప్పింది. ఆపరేషను అక్కర్లేకపోవచ్చు, దానికి డాక్టరు ముందు నేను తప్పు ఒప్పుకోవాలి అని చెప్పింది. అక్కడ ఆగిపోవచ్చు. ఆగుదామనే అనుకుంది. కాని ఉత్తరంలో మొదటి వాక్యమే ఉంది, సుఖవ్యాధికి మూడు విడతలు అని. శుక్రవారం ఆ డాక్టరు దాన్ని పైకి చదువుతాడు.

కోడలు సూది కింద గుడ్డను సరిచేసుకుంటూ అంతా వింది. “మీరు మింగించిన ఆ మాత్రలు నీరసానికి కాదా?”

“కాదు.”

“ఎవరనుకున్నారు?”

సిస్టరమ్మ సంచిలోంచి శిక్షణ పత్రం తీసి మడత విప్పబోయింది.

“మీ అబ్బాయి కాదనుకుంటే ఇంకొకరుండాలి కదా. ఎవరనుకున్నారు, అత్తయ్యా?”

“ఎవర్నని కాదు” అంది సిస్టరమ్మ. “గుమ్మంలోకి వచ్చిన ప్రతివాణ్ణీ అనుకున్నాను.”

కోడలు దారం తెంపింది. మిగిలిన రెండు చొక్కాలూ కుట్టింది. ఆ రాత్రికి గాని, గురువారమంతా గాని ఆమె మరో మాట మాట్లాడలేదు. వంట చేసింది, వడ్డించింది, కుట్టిన బట్టలు బడికి పంపింది. ఆ మౌనం ముందు తనిఖీల భయం, మొదటి కాన్పు భయం ఏపాటివి? పుట్టింటికి వెళ్ళిపోతుందేమో. ఆసుపత్రికే రానంటుందేమో. పోనీ అని వెళ్ళి, కసికొద్దీ ఆ బల్ల ఎక్కేస్తుందేమో. శుక్రవారం ఉదయం కోడలు సంచి సర్దుకుని గుమ్మంలో నిలబడి ఉండటం చూసినప్పుడు సిస్టరమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ సంచిలో ఆసుపత్రి దుప్పటి ఉందో, పుట్టింటి బట్టలున్నాయో తెలియలేదు.

“ఎన్నింటి బస్సు?” అంది కోడలు.

ఆపరేషను గది తలుపు మీద జాబితా అంటించి ఉంది. మొదటి నంబరు అప్పటికే లోపలికి వెళ్ళింది. కోడలి చేతికి నాలుగు అంకె వేసిన గుడ్డముక్క కట్టి, గౌను ఇచ్చి, వరండాలో కూర్చోబెట్టారు. శస్త్రచికిత్స డాక్టరు రెండో నంబరుకు ముందు బయటికి వచ్చాడు. పెద్దవాడు, నిద్ర చాలని కళ్ళు. సిస్టరమ్మ అడ్డంగా నిలబడింది. ఇరవై మూడేళ్ళలో ఆమె ఒక డాక్టరుకు అడ్డంగా నిలబడింది లేదు. చెప్పవలసినది తలాతోకా లేకుండా చెప్పింది. ఆయన కాగితాల కట్టలోంచి ఆమె ఉత్తరం తీశాడు.

“ఇది మీ చేతిరాతే కదా?”

“నాదే సార్.”

“పోయినసారి క్యాన్సరు. ఈసారి నత్త. వచ్చేసారి ఏం తెస్తారు, పీతా?” వార్డు నర్సు నవ్వు ఆపుకుంది. “మీరు రాశారని ఈమెను జాబితాలో ముందుకు తెచ్చాను. తప్పంటే నోటితో కాదు, ఇదే కాగితం మీద అనండి. రేపు ఈమెకు ఏమైనా అయితే చూపించడానికి నా దగ్గర ఏదో ఒకటి ఉండాలి కదా.”

నిజంగా క్యాన్సరే అయితే? డాక్టరమ్మ కూడా చూడకుండా చెప్పలేనంది. ఇప్పుడు ఆపి, రేపు ఈ పిల్ల చనిపోతే ఆ కాగితం తన మెడకు చుట్టుకుంటుంది. పుస్తకంలో లేనిది చేస్తే తప్పు తనది. సిస్టరమ్మ వరండా వైపు చూసింది. కోడలు వదులైన గౌనులో, చేతికి అంకెతో, ఆమెనే చూస్తోంది. బతిమాలడం లేదు, చూస్తోంది.

కిటికీ గట్టు మీద కాగితం పెట్టి, తన పాత సంతకం కింద మిగిలిన జాగాలో సిస్టరమ్మ రాసింది: ‘పైన నేను రాసినది తగిన విచారణ లేకుండా రాసినది. సుఖవ్యాధికి ఆధారము లేదు. ఈమె ఏడవ ఏట నుండి చెరువు నీటిలో పనిచేసినది. ఆ సంగతి నేను అడగలేదు. ముఖద్వారముపై ఇసుక రేణువుల వంటి మచ్చలు నేను స్వయముగా చూచియు గుర్తించలేదు. ఆపరేషనుకు ముందు ఈ వ్యాధి కొరకు పరీక్షింపవలెనని ప్రార్థన.’ తేదీ వేసింది, గంట వేసింది. అక్షరాలు వంకరపోయాయి గాని ఒక్కటీ కొట్టివేయలేదు.

ఆయన రెండుసార్లు చదివాడు. శిక్షణ పత్రంలోని బొమ్మను దూరంగా పట్టి, దగ్గరగా పట్టి చూశాడు. కోడలిని పరీక్ష గదిలోకి పిలిపించాడు. తలుపు మూసుకుంది. ఒక సహాయకుడిని లోపలికి పిలిచారు. తర్వాత ఇంకొకరిని. భూతద్దపు యంత్రం చక్రాలు గరగరలాడుతూ వరండాలో వెళ్ళాయి. సిస్టరమ్మ బెంచీ మీద కూర్చోలేక, నిలబడలేక, గోడకు ఆనుకుంది. బయట ఎవరో తడిబట్ట పెట్టి నేల తుడుస్తూ, కాళ్ళెత్తమ్మా అంటే ఆమెకు అర్థం కాలేదు.

అరగంటకు డాక్టరు బయటికి వచ్చాడు. “నాలుగో నంబరు కొట్టేయండి” అన్నాడు వార్డు నర్సుతో. సిస్టరమ్మకు చెప్పవలసిందంతా క్లుప్తంగా చెప్పాడు. మచ్చలు అవే. మూత్రం పరీక్షకు పంపుతాం. మాత్రలు ఈరోజే వేస్తాం. ముక్క ఫలితం వచ్చేదాకా కత్తి పట్టే ప్రసక్తి లేదు. పురుగు చస్తుంది, మచ్చలు పోతాయని హామీ లేదు, పిల్లల సంగతి ఇప్పుడే చెప్పలేను. చెబుతూ ఉండగా ఆయన చూపు తలుపు మీది జాబితాకు వెళ్ళి, అక్కడే ఉండిపోయింది. “పోయిన ఏడాది ఆ చెరువు వైపు నుంచి వచ్చినవాళ్ళు...” అని మొదలుపెట్టాడు. వాక్యం పూర్తి చేయలేదు. టోపీ సరిచేసుకుని లోపలికి వెళ్ళి, రెండో నంబరు కాగితాలు మళ్ళీ మొదటి నుంచి చదవడానికి తెమ్మన్నాడు.

కోడలు తన బట్టలు కట్టుకుని వచ్చి బెంచీ మీద కూర్చుంది, ఒక మనిషి పట్టేంత ఎడం వదిలి. మాత్రలు మింగింది. ఈసారి డబ్బా మీద ఏమి రాసి ఉందో అడిగి, అత్తగారి చేత చదివించుకుని మరీ మింగింది.

“మీ అబ్బాయికి ఎవరు చెబుతారు?” అంది.

“ఆపరేషను లేదని నువ్వే చెప్పు. సంతోషిస్తాడు.”

“అది కాదు.”

సిస్టరమ్మ నేల వైపు చూసింది. కొడుకుకు ఇద్దరి మీదా ప్రాణమే. ఈ మాట విన్నాక వాడి కళ్ళల్లో తల్లి ఏమవుతుంది? వాడికి తెలియనవసరం లేదు, జబ్బు తెలిసింది, మందు పడింది, ఇంకా ఎందుకు? ఈ మాటలన్నీ నాలుక చివరి దాకా వచ్చాయి.

“నేనే చెబుతాను” అంది.

“నా ముందు చెప్పాలి.”

వాళ్ళు ఇల్లు చేరేసరికి కొడుకు వచ్చి, స్నానం చేసి, గుమ్మంలోనే ఎదురుచూస్తున్నాడు. భార్య నడిచి రావడం చూసి, మెట్టు మీద నుంచి లేచి, ఏమనాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. తీయలేదు అంది కోడలు. వాడు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. అంతవరకూ ఆగి, సిస్టరమ్మ వాడి ఎదురుగా నేల మీద కూర్చుంది. వాడు కంగారుగా, కుర్చీ ఉంది కదమ్మా అన్నాడు.

“నీ పెళ్ళాం మీద నేనొక నింద మోపాను, అబ్బాయ్” అంది. “ఏడు నెలలుగా, దానికి తెలియకుండా.”

వాడు తల్లి వంక కాదు, భార్య వంక చూశాడు, కాదని చెబుతుందేమోనని. సిస్టరమ్మ కూడా కోడలి వైపే చూసింది. ఒక్క మాట అందుకుంటుందేమో, పోనిద్దురూ అంటుందేమోనని.

కోడలు మిషను ముందున్న పీట లాక్కుని వాళ్ళిద్దరి మధ్యకు వచ్చి కూర్చుంది.

“చెప్పండి అత్తయ్యా” అంది. “నేను మధ్యలో అందుకోను.”